రేపు రండి

నలభై ఏళ్లుగా నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట "రేపు రండి". సెట్టు విప్పకపోయినా అదే మాట, విప్పినా ఏం పోయిందో తేలకపోయినా అదే, స్పేరు దొరక్కపోయినా అదే. చుట్టాల దగ్గర మా ఆవిడ నన్ను "రేపు రండి మెకానిక్కు" అని వెక్కిరించేది. 2024 అక్టోబరు మొదటి వారంలో విజయవాడ సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో కాళ్లూ చేతులూ కదలక పడి ఉన్నాను. నరాల డాక్టరుగారు వచ్చి, చిన్న సుత్తితో మోకాలి కింద తట్టి, కాలు ఉలకకపోవడం చూసి "రేపు చూద్దాం" అన్నారు. మా ఆవిడ నా వంక చూసింది. నాకూ నవ్వొచ్చింది. కాకపోతే మొహం చచ్చుబడి ఉండటంతో ఆ నవ్వు కుడి పక్కకే వచ్చింది.

1983లో ఐటీఐలో రేడియో, టీవీ మెకానిక్ ట్రేడు పూర్తి చేసి, గవర్నర్‌పేటలో ఒక షాపులో పనికి కుదిరాను. మొదటి ఆరు నెలలూ టీ తేవడం, దుమ్ము ఊదడం. 1987లో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యాక శనివారం రాత్రిళ్లు మాకు జాతరే. ఆదివారం పొద్దునకల్లా టీవీ ఇవ్వకపోతే ఆడవాళ్లు షాపు ముందు కూర్చునేవారు. ఆ ఒక్క రాత్రి "రేపు రండి" చెల్లేది కాదు. తరవాత మూడేళ్లు మస్కట్‌లో చేశాను. మా అమ్మాయి పుట్టినప్పుడు అక్కడే ఉన్నాను, దాన్ని మొదటిసారి చూసేసరికి దానికి పద్నాలుగు నెలలు. తిరిగొచ్చాక కేబుల్ టీవీ రోజులు, స్తంభాలెక్కి యాంప్లిఫయర్లు మార్చాను. ఆ పైన వీసీఆర్లు, కంప్యూటర్ మానిటర్లు, ఇన్వర్టర్లు. ఆరేళ్లు ఆసుపత్రుల్లో ఈసీజీ మెషీన్లు, మానిటర్లు బాగుచేసే కాంట్రాక్టులో కూడా ఉన్నాను. చివరికి సింగ్‌నగర్‌లో సొంత షాపు పెట్టుకున్నాను. మా అబ్బాయి నా పని వైపు తొంగి చూడలేదు. మంచి పనే చేశాడు.

ఇక సరదా అంటే పాత వాల్వు రేడియోలు. పనికిరానివి తూకానికి తెచ్చి, బతికించి, రాత్రిళ్లు షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు వెతికేవాణ్ణి. ఫలానా రోజు ఫలానా టైముకి మీ ప్రసారం ఇలా వినిపించిందని రాసి పంపితే, వాళ్లు బొమ్మల కార్డు పంపేవారు. అలాంటివి నా దగ్గర నూట నలభై దాకా ఉండేవి. కొత్తగా బాగైన ఏ సెట్టునైనా ముందు 837 కిలోహెర్ట్జ్‌లో మన విజయవాడ స్టేషన్ పెట్టి వినడం నాకో మొక్కు లాంటిది.

ఆ సెప్టెంబరు 1 ఆదివారం. బుడమేరు గట్టుకు గండ్లు పడి, సింగ్‌నగర్‌ మొత్తం నీళ్లలో మునిగింది. మేం మేడ మీద ఉన్నాం కాబట్టి బతికిపోయాం. కింద షాపులో నడుం లోతు నీళ్లు. అన్నం పొట్లాలు పడవల మీదా, డ్రోన్ల మీదా వచ్చాయి. నీళ్లు తీశాక ఫైరింజన్లు వచ్చి వీధులూ ఇళ్లూ కడిగాయి. కార్డులన్నీ అట్టపెట్టెలో ముద్దయిపోతే, మా ఆవిడ ఒక్కోటీ విడదీసి దండెం మీద క్లిప్పులు పెట్టి ఆరేసింది. సగం రంగు వెలిసిపోయాయి.

ఆ తరవాత పది రోజులు షాపు ముందు క్యూ. టీవీలు, మిక్సీలు, సౌండ్ బాక్సులు, రామాలయం వాళ్ల మైకు సెట్టు, అన్నీ బురదతోనే వచ్చాయి. ముందు మంచినీళ్లతో కడిగి, బ్రష్షుతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఎండలో బాగా ఆరాక గానీ కరెంటివ్వకూడదు. పొద్దస్తమానం ఆ బురదలో చేతులు పెట్టి, అదే చేత్తో టీ తాగాను. విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో సగం మందికి ఉన్నాయి కదా అని మజ్జిగన్నంతో సరిపెట్టాను. నాలుగు రోజులకి తగ్గిపోయింది కూడా.

సెప్టెంబరు 24న కాలి వేళ్లలో తిమ్మిరి మొదలైంది. మర్నాడు నడుస్తుంటే చెప్పు ఊడిపోయినా నాకు తెలియలేదు, ఎదురింటాయన పిలిచి చెప్పాడు. వీధి చివర క్లినిక్‌లో చూపిస్తే నీరసం అని బి12 ఇంజక్షన్ చేసి పంపారు. 27న మెట్లెక్కలేకపోయాను, ఆ సాయంత్రం చేతిలోంచి స్క్రూడ్రైవర్ జారిపోయింది. కింది నుంచి పైకి ఒక్కో అంతస్తులో కరెంటు తీసేస్తున్నట్టే ఉంది. గుంటూరు నుంచి మా అమ్మాయి వచ్చి, నా మాట వినకుండా ఆటో ఎక్కించింది. వినకపోవడం ఎంత మంచిదయిందో తరవాత తెలిసింది.

ఆసుపత్రిలో వెన్నులో నీరు తీశారు. తరవాత నరాల పరీక్ష. మణికట్టు దగ్గరొకసారి, మోచేతి దగ్గరొకసారి షాకిచ్చి, బొటనవేలి కండకు ఎంతసేపట్లో చేరిందో చూస్తారు. ఇది నా పనే కదా అనిపించింది. కేబుల్‌కి ఇక్కడ సిగ్నలిచ్చి అక్కడ చూసుకోవడమే. ఆరోగ్యంగా ఉన్న చేతి నరంలో అది సెకనుకు 50 మీటర్లకు మించి పోవాలట. నాది 28. డాక్టరుగారు చెప్పిన పేరు గులియన్ బారే సిండ్రోమ్. విరేచనాల సూక్ష్మజీవిని చంపడానికి ఒళ్లు తయారుచేసుకున్న సైన్యం, పొరపాటున సొంత నరాల మీదే పడుతుందట. నరం మీద మైలిన్ అని ఒక పొర ఉంటుంది, దాన్ని కొరికేస్తుంది. "అంటే వైరు బాగుంది, ఇన్సులేషన్ పోయిందా?" అన్నాను. "చాలావరకు అంతే. కొన్నిచోట్ల వైరూ దెబ్బతింది" అన్నారాయన. ఫాల్టు ఎక్కడుందో తెలిసిపోయింది. కానీ ఇక్కడ అతుకు వేయడానికి లేదు, కొత్తది మార్చడానికి లేదు.

ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాము చొప్పున ఐదు రోజులు. నాది 65 కిలోలు కాబట్టి రోజుకు 26 గ్రాములు. వేలమంది ఇచ్చిన రక్తం నుంచి తీస్తారట. ఆ బిల్లు చూసి మా అబ్బాయి హైదరాబాదులో కొన్న స్థలం అమ్మకానికి పెట్టాడు. నాకప్పుడు చెప్పలేదు.

అసలు భయం ఊపిరి దగ్గర. కాళ్ల నుంచి పైకి వచ్చేది ఛాతీ కండరాల దాకా వస్తే వెంటిలేటరే. అందుకని పూటపూటకీ వచ్చి ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టమనేవారు. చేరిన రోజు 31 దాకా వెళ్లాను. తరవాత 26. తరవాత 21. అక్టోబరు 5 రాత్రి 17 దగ్గర ఆగిపోయాను. నర్సమ్మ ఏమీ అనకుండా రాసుకుని వెళ్లింది. వెంటిలేటర్ బండి తెచ్చి నా మంచం పక్కనే పెట్టారు.

ఆ రాత్రంతా నిద్ర లేదు. ఆక్సిజన్ చూడటానికి వేలికి పెట్టే క్లిప్పులో ఎర్ర లైటొకటి, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ ఒకటి ఉంటాయని నాకు తెలుసు, అలాంటివి ఎన్నో మార్చాను. ఆక్సిజన్ తగ్గేకొద్దీ బీప్ శబ్దం మంద్రంలోకి దిగుతుందనీ తెలుసు. తెలియకపోయి ఉంటే హాయిగా ఉండేది. ఒక్కసారిగా అలారం మోగింది, ఇద్దరు పరుగెత్తుకొచ్చారు. నాకేమీ కాలేదు, కనెక్టర్ దగ్గర వైరు లూజు. "అమ్మా, అది నేను కాదు, వైరు" అని ముద్దముద్దగా చెప్పాను. వాళ్లకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. బయట వీధిలో దసరా పందిరి మైకు నుంచి గుయ్యిమని హమ్ వస్తోంది. ఎర్త్ సరిగ్గా ఇవ్వలేదు వెధవలు అనుకుంటూ తెల్లారేదాకా గడిపాను.

పొద్దున మళ్లీ 17. సాయంత్రం 17. మర్నాడు 19. ఆ బండి రెండు రోజులుండి వెళ్లిపోయింది. నా జీవితంలో అంత సంతోషంగా ఒక మెషీన్‌ని సాగనంపింది అప్పుడే.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ. రోజూ ఒక అమ్మాయి వచ్చేది. "బాబాయ్‌గారూ, చింతగింజలు ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి" అనేది. ఇరవై గింజలకి అరగంట. బోర్డు మీది చిట్టి సర్ఫేస్ మౌంట్ కాంపొనెంట్లు పట్టకారుతో ఎత్తిన చేతులివి! కోపం ఎవరి మీదో తెలియక మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. ఆవిడ గింజలు ఏరి మళ్లీ గిన్నెలో పోసేది. సంక్రాంతికి కర్ర పట్టుకుని గుమ్మం దాకా వచ్చి ముగ్గు చూశాను. లోపలి వైరు దెబ్బతిన్న చోట నరం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు పెరుగుతుందని డాక్టరుగారు అన్నారు. ఇంటికొచ్చి టేపు పెట్టాను. మోకాలి నుంచి బొటనవేలి చివరకి 48 సెంటీమీటర్లు. 480 రోజులు. కేలండర్ మీద గుర్తు పెట్టుకున్నాను.

నేను మంచాన ఉండగా మా ఆవిడ షాపు పుస్తకం తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, సెట్లు తీసుకెళ్లమంది. అందరూ పట్టుకెళ్లారు, రామాలయం వాళ్లు తప్ప. "మాస్టారు లేచాకే చేయించుకుంటాం" అన్నారట. 2025 మార్చిలో కమిటీ పెద్దాయన వచ్చాడు. ఏప్రిల్ 6న శ్రీరామనవమి. కల్యాణానికి మైకు కావాలి. రేపు రండి అనబోయి నోరు మూసుకున్నాను.

షాపు కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని యాంప్లిఫయర్ విప్పాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోగలుగుతున్నాను, కానీ వేళ్ల చివర స్పర్శ లేదు. ఏ పార్టు వేడెక్కుతోందో మెకానిక్కు మీటరు కన్నా ముందు వేలే చెబుతుంది. నా వేలికి కాలిందని నాకు వాసన వస్తే గానీ తెలియలేదు. కుర్రాణ్ణి తాకమంటే, వాడికి చేయి పెట్టాలంటే భయం. పావుగంట ఆన్‌లో ఉంచి, ప్లగ్గు పీకేసి, మా ఆవిడని పిలిచాను. వేడి లాగేసే హీట్‌సింక్ రేకు మీద వరసగా నాలుగు 2ఎన్3055 ట్రాన్సిస్టర్లు. ఒక్కోదాని మీదా వేలు పెట్టి చెప్పమన్నాను.

ఆవిడ చీరకొంగుతో చేయి తుడుచుకుని, దోసెపెనం చూసినట్టు ఒక్కోటీ తాకింది. మూడోదాని దగ్గర చటుక్కున చేయి వెనక్కి తీసి "ఇదొక్కటే కాలుతోందండీ" అంది.

దాన్ని మార్చాం.