ట్యూషన్ చెప్పని లెక్కల మాస్టారు

మన లెక్కల మాస్టారు ట్యూషన్లు చెప్పేవారు కాదు. ఈ ఒక్క విషయంలో చాలామంది తల్లిదండ్రులకు ఆయన మీద కాస్త గుర్రుగా ఉండేది. పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో అయితే మరీను. "బడిలో అంత బాగా చెప్పే మనిషి, సాయంత్రం ఓ గంట కూర్చోబెడితే ఏం పోయింది?" అని మా నాన్న విసుక్కునేవారు. డౌట్లుంటే పొద్దున మొదటి బెల్లుకు ముందే రమ్మనేవారు మాస్టారు. మనం ఎంత ముందొచ్చినా ఆయన అప్పటికే ఉండేవారు. సాయంత్రం ఆఖరి బెల్లు కొట్టాక మాత్రం స్టాఫ్‌రూమ్‌లో ఆయన కుర్చీ ఖాళీ.

ఆ సాయంత్రాలు ఎటు పోయేవో నాకు తెలుసు. ఆయన కూతురు నా బెంచీలోనే కూర్చునేది. మేం ఎనిమిదిలో ఉండగా వాళ్లమ్మగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట కూడా దెబ్బతింది. అప్పటి నుంచి కూతురికి జడలు మాస్టారే వేసేవారు. మొదట్లో ఒక జడ పైకీ ఒకటి కిందికీ ఉండేవి. మేం నవ్వితే అదీ మాతో కలిసి నవ్వేది. అర్ధసంవత్సర పరీక్షలు వచ్చేసరికి మా అమ్మలు వేసిన జడలకీ వాటికీ తేడా కనిపెట్టడం కష్టమైపోయింది.

వాళ్లింటికి వెళ్లినప్పుడు నేను గమనించినది ఇంకొకటుంది. అమ్మగారు ఏదో చెప్పబోయి మాట దొరక్క ఆగిపోయేవారు. చూసేవాళ్లకు టెన్షన్‌గా ఉంటుంది కదా, వెంటనే మనమే ఆ మాట అందించేస్తాం. మాస్టారు అందించేవారు కాదు. "ఆవిడ చెప్తుంది, ఆగమ్మా" అనేవారు. పక్షవాతంతో మాట తడబడేవాళ్లను తొందరపెట్టకూడదని డాక్టర్లు చెప్తారు. అది విని తలాడించడం తేలికే. ఏళ్ల తరబడి, రోజుకు ఎన్నోసార్లు, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నా సరే అలా ఆగడమంటే మాటలు కాదు. క్రైస్తవుల పెళ్లిలో "వ్యాధిలోనూ ఆరోగ్యంలోనూ" అని ప్రమాణం చేస్తారు. ఆ ప్రమాణంలో ఇలాంటి పనులు కూడా ఉంటాయని పెళ్లిపీట మీద ఎవరికి తడుతుంది?

తరగతిలోనూ ఆయన అంతే. మన సెక్షన్‌లో నత్తి ఉన్న అబ్బాయి గుర్తున్నాడా? వాడు బోర్డు దగ్గర సిద్ధాంతం అప్పజెప్తుంటే పీరియడ్ సగం అయిపోయేది. మాస్టారు కిటికీకి ఆనుకుని నిలబడి వినేవారు, వాచీ చూసుకునేవారు కాదు. ఈ ఓపిక ఇంటి నుంచి బడికి వచ్చిందో, బడి నుంచి ఇంటికి వెళ్లిందో నేను చెప్పలేను.

ఆయనకు గణిత శాస్త్రవేత్త ఆయిలర్ అంటే ప్రాణం. ఆయిలర్ సూత్రం చెప్పడానికి సుద్దముక్కల డబ్బా పట్టుకుని, "ముఖాలు ఆరు, శీర్షాలు ఎనిమిది, కలిపితే పద్నాలుగు. అంచులు పన్నెండు. ఎంత మిగిలింది? రెండు. ఇప్పుడు చతుర్ముఖి చూడండి: నాలుగూ నాలుగూ ఎనిమిది, అంచులు ఆరు, మళ్లీ రెండే!" అని తనే మొదటిసారి కనిపెట్టినట్టు సంబరపడిపోయేవారు. ఆ ఊపులో ఆయిలర్ జీవితంలోకి వెళ్లిపోయేవారు. 1707లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో పుట్టడం, పదముగ్గురు పిల్లల్లో ఐదుగురే బతికి పెద్దవాళ్లవడం, ఒళ్లో పసిబిడ్డను పెట్టుకునే లెక్కలు చేయడం, చివరి ఏళ్లలో చూపు దాదాపు పూర్తిగా పోయినా కొడుకుల చేత, శిష్యుల చేత రాయిస్తూ మునుపటికన్నా ఎక్కువ పని చేయడం... సిలబస్ వెనకబడుతోందని లీడర్ గుర్తుచేస్తే తప్ప ఆగేవారు కాదు.

చాలా ఏళ్ల తర్వాత ఆయిలర్ గురించి నేనే చదువుతుంటే ఒక సంగతి కనిపించింది. ఆయన రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి బైబిల్లో ఒక అధ్యాయం చదివేవారట. మాస్టారికి ఇది తెలియకుండా ఉంటుందా? ఒళ్లో బిడ్డ సంగతి చెప్పిన మనిషి ఇది చెప్పకుండా వదిలేశారు. తరగతిలో అన్ని మతాల పిల్లలం ఉన్నాం. తాను పాఠం చెప్పే గురువు, మేం ఎదురు చెప్పలేని వయసువాళ్లం. అక్కడ తన క్రైస్తవ విశ్వాసాన్ని ప్రస్తావిస్తే అది మా మీద రుద్దినట్టే అవుతుందని అనుకుని ఉంటారు. నాకైతే ఆ మౌనం మీదే గౌరవం ఎక్కువ.

మాస్టారి ఇంట్లో మాత్రం అలాంటి సాయంత్రం ప్రార్థన తప్పేది కాదు. గత ఏడాది మాస్టారు ప్రభువునందు నిద్రించాక జరిగిన జ్ఞాపకార్థ కూడికలో వాళ్లబ్బాయి దాని గురించే మాట్లాడాడు. నాన్న దేవుడేమీ కాదని మొదలుపెట్టాడు. కోపం ఎక్కువేనట. అబద్ధం చెప్తే తిట్టేవారు కాదుగానీ మాట్లాడడం మానేసేవారట. "దానికన్నా రెండు తగిలిస్తే నయం అనిపించేది" అన్నాడు. అయితే "సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అన్న బైబిల్ వాక్యాన్ని ఆయన అక్షరాలా పట్టుకున్నారు. ఆ రోజు గొడవలు ఆ రోజే తేలాలి, తేలాకే ప్రార్థన. తప్పు తనదైతే పిల్లల ముందే, పిల్లలకే క్షమాపణ చెప్పేవారట. తండ్రి నోటి నుంచి అలాంటి మాట విన్నవాళ్లు మన తరంలో ఎంతమంది ఉంటారు?

ఒక రోజు ఏదో విషయంలో మాస్టారికీ అమ్మగారికీ మాటామాటా వచ్చింది. ఆవిడ అప్పటికి మంచం దిగి కుర్చీలో కూర్చోగలుగుతున్నారు. మాటలు మాత్రం ఇంకా వెతుక్కోవాల్సిందే. బైబిళ్లు తెరిచి అందరూ కూర్చున్నారు. ఆవిడ ఏదో చెప్పాలని మొదలుపెట్టారు, ఆగారు, మళ్లీ మొదలుపెట్టారు. పిల్లలకు ఆవలింతలు. కూతురు అందించబోతే మాస్టారు చేత్తో వారించారు. చివరికి ఆవిడ మాట పూర్తయింది.

"తప్పు... మీదేనండీ."

మాస్టారు ఒప్పుకున్నారు. అప్పుడు మొదలైందట ఆ రోజు ప్రార్థన.