ఓసీటీ కాగితంలోని ఎరుపు రంగు, డిమెన్షియా భయం

కంటి స్కాన్‌తో డిమెన్షియాను (జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి క్షీణించే జబ్బును) ఏళ్ల ముందే పసిగట్టవచ్చన్న మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. దానికి ఆధారం లేకపోలేదు. పిండదశలో రెటీనా, అంటే కంటి వెనక వెలుగును గ్రహించే పొర, రూపుదిద్దుకునేది మెదడు భాగం నుంచే కాబట్టి, మెదడులోని క్షీణత అక్కడా కనిపించవచ్చన్న ఊహ సహేతుకమైనదే. 2018లో వెలువడిన యూకే బయోబ్యాంక్ (బ్రిటన్‌లోని భారీ ఆరోగ్య సమాచార సేకరణ) అధ్యయనంలో 32 వేల మందికి పైగా కళ్లను ఓసీటీ యంత్రంతో, అంటే కాంతితో రెటీనా పొరల మందాన్ని చూపే స్కాన్‌తో, కొలిచారు. రెటీనాలోని నాడీతంతువుల పొర బాగా పలచగా ఉన్నవారిలో మూడేళ్ల తరువాత జ్ఞాపకశక్తి, ఆలోచనావేగం వంటివి తగ్గే అవకాశం దాదాపు రెట్టింపుగా కనబడింది.

అయితే పలచగా ఉన్న పొర పలచబడిన పొరే కానక్కరలేదు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టినవారిని బాల్యం నుంచీ గమనిస్తున్న పరిశోధకులు, 45 ఏళ్ల వయసులో వారి రెటీనాను కొలిచినప్పుడు, పొర పలచగా ఉన్నవారు చిన్ననాటి మేధోపరీక్షల్లోనూ కొంత వెనకబడి ఉన్నట్టు తేలింది. అంటే ఆ తేడాలో కొంత భాగం ముసలితనంలో వచ్చినది కాక, మొదటినుంచీ ఉన్నదే కావచ్చు. నా దృష్టిలో ఈ చర్చలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే.

పైగా ఓసీటీ రిపోర్టు కాగితం మీద పొర పలచగా ఉన్న చోట్లను చూపే ఎరుపు రంగు జబ్బు పేరు చెప్పదు. ఆ వయసు ఆరోగ్యవంతుల్లో అంత తక్కువ మందం నూటికి ఒకరికి మించి ఉండదని మాత్రమే చెబుతుంది. గ్లకోమా (నీటికాసులు) ఉన్నా, దూరంలోనివి ఆనని హ్రస్వదృష్టికి పెద్ద మైనస్ పవర్ ఉన్నా ఎరుపు రావచ్చు. మైనస్ ఎనిమిది అద్దాలు వాడే మా బాబాయి రిపోర్టు నిండా ఎరుపే. ఆయన పొలం లెక్కలు మాత్రం పైసాతో సహా నోటికి చెబుతారు.

కొలతల కన్నా చూపు సంగతే నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తోంది. అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో 65 దాటిన 3,038 మందిని పరిశీలించగా, శుక్లాల ఆపరేషన్ చేయించుకున్నవారిలో డిమెన్షియా ముప్పు సుమారు 30 శాతం తక్కువగా కనబడింది. గ్లకోమా ఆపరేషన్‌కు అటువంటి సంబంధం కనబడలేదు. ఆరోగ్యంగా ఉన్నవారే ఆపరేషన్‌కు ముందుకొచ్చి ఉండవచ్చన్న సందేహం పూర్తిగా తీరదు. అయినా 2024లో లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన నిపుణుల కమిషన్, చికిత్స అందని చూపులోపాన్ని డిమెన్షియా ముప్పు కారణాల జాబితాలో చేర్చింది. మన ఇళ్లలో మాత్రం "శుక్లం ముదిరాక చూద్దాంలే" అన్న మాట ఇంకా వినబడుతూనే ఉంది.