చార్లీ పూల్ బృందం: ఒక ఫిడేలు, ఒక బాంజో, ఒక గిటారు

అమెరికా దక్షిణాది పల్లె సంగీతం గ్రామఫోన్ ప్లేట్లకెక్కడం మొదలైన 1920ల నాటి తీగవాద్య బృందాలలో నేను ఎక్కువగా వినేది చార్లీ పూల్ నడిపిన నార్త్ కరోలినా రాంబ్లర్స్‌ను. అదే కాలానికి చెందిన జార్జియా బృందం స్కిలెట్ లికర్స్ ప్లేట్లలో ఫిడేళ్లు ఒకదానిపై ఒకటి ఎగబడి జాతర సందడి చేస్తాయి. పూల్ దగ్గర ఉన్నవి మూడే వాద్యాలు, వాటిలో ఏదీ మరొకదానికి అడ్డం రాదు.

పూల్ 1892లో నార్త్ కరోలినాలో పుట్టి, నూలు మిల్లుల్లో పనిచేస్తూ పెరిగాడు. బేస్‌బాల్ బంతిని తొడుగు లేకుండా పడతానని పందెం కాసి చేతివేళ్లు విరగ్గొట్టుకున్నాడని, వంకరగానే అతుక్కున్న ఆ వేళ్లు ఆయన బాంజో మీటే తీరును తీర్చిదిద్దాయని చెబుతారు. ఫిడేలు వాద్యకారుడు పోసీ రోరర్ ఆయనకు బావమరిది.

1925 జులై 27న వీరిద్దరూ, గిటారు వాయించే నార్మన్ వుడ్‌లీఫ్‌తో కలిసి, న్యూయార్క్‌లో కొలంబియా కంపెనీకి నాలుగు పాటలు రికార్డు చేశారు. ముట్టిన సొమ్ము 75 డాలర్లు. తొలి ప్లేటు లక్షకు పైగా అమ్ముడుపోయింది.

ఆ ప్లేటులోని ‘డోంట్ లెట్ యువర్ డీల్ గో డౌన్ బ్లూస్’ను శ్రద్ధగా వింటే, పాట శ్రుతి పాశ్చాత్య స్వరం జి అయినా గిటారు ఇ కార్డుతో (కార్డు అంటే ఒకేసారి పలికించే స్వరాల గుచ్ఛం) మొదలై, ఎ, డి కార్డుల మీదుగా నడిచి, చివరికి గానీ జి చేరదని తెలుస్తుంది. మన సంగీతంతో పోల్చి చెప్పాలంటే, ఆధార షడ్జాన్ని చరణం చివరిదాకా దాచిపెట్టినట్టుగా ఉంటుంది. ఆ ఎదురుచూపు మీద పూల్ గొంతు ఏ భావోద్వేగమూ ఒలకబోయకుండా, మాటలను తుంచి తుంచి వదులుతుంది.

1926లో గిటారుకు రాయ్ హార్వే వచ్చాడు. వృత్తిరీత్యా ఆయన రైల్వే ఇంజను డ్రైవరు; మంద్రస్థాయి తీగలపై ఆయన నడిపించే వరుసలు పాటకు వెన్నెముకగా నిలిచాయి. అమెరికా అధ్యక్షుడు మెకిన్లీ 1901లో హత్యకు గురైన ఉదంతంపై పాడిన ‘వైట్ హౌస్ బ్లూస్’ కూడా 1926 నాటిదే. విషాద వార్తను అంత హుషారుగా పాడటం నాకు ఇప్పటికీ కొంచెం వింతగానే ఉంటుంది.

పూల్‌కు మాత్రం ఈ మూడు వాద్యాలు చాలలేదు. రెండు ఫిడేళ్లు, పియానో కావాలన్నాడు. అమ్ముడుపోతున్న బాణీని మార్చడానికి కొలంబియా ఒప్పుకోలేదు. దాంతో 1929లో హైలాండర్స్ అనే మారుపేరుతో పారమౌంట్ కంపెనీకి ఆ పెద్ద బృందాన్ని రికార్డు చేశాడు. మితిమీరిన తాగుడు ఆయనను 1931 మేలో, 39 ఏళ్ల వయసులోనే బలిగొనడంతో ఆ దారి అక్కడితో ఆగిపోయింది. ఆ ప్లేట్లలో జంట ఫిడేళ్లు ముచ్చటగానే ఉంటాయి గానీ, పూల్ బాంజో పలకవలసిన ఖాళీలన్నింటినీ పియానో ఆక్రమించేసింది; కాబట్టి ఈ ఒక్క విషయంలో నా ఓటు కొలంబియాకే.