డబ్బు కట్టక్కర్లేని సరస్సు ఒడ్డు: బి.సి. రిక్రియేషన్ సైట్లకు బయల్దేరే ముందు

కెనడాలో సర్రే, వాంకూవర్ వైపు ఉండే తెలుగువాళ్ళకు వేసవి క్యాంపింగ్ అనగానే ప్రావిన్షియల్ పార్కులే గుర్తొస్తాయి. నెలల ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, లాంగ్ వీకెండ్ అయితే అదీ దొరకదు. ఆ పార్కులు కాకుండా బ్రిటిష్ కొలంబియా (బి.సి.) రాష్ట్రపు అడవుల్లో వెయ్యికి పైగా ‘రిక్రియేషన్ సైట్లు’ ఉన్నాయి. కంకర రోడ్ల చివర, చాలావరకు ఏదో ఒక సరస్సు పక్కనే. కొన్నింటికి రాత్రికింతని రుసుము ఉంది, చాలావాటికి లేదు. రుసుము లేనివాటిలో ముందొచ్చినవాళ్ళదే చోటు. ఒక చోట వరసగా 14 రోజులకు మించి ఉండకూడదు.

అక్కడ సాధారణంగా ఉండేవి మూడే: చెక్కబల్ల, నెగడు వేసుకునే చుట్టు, గుంట మరుగుదొడ్డి. కుళాయి లేదు, కరెంటు లేదు, చెత్తడబ్బా లేదు, అడిగేవాళ్ళు లేరు, ఫోన్ సిగ్నల్ లేదు. పార్కులో ఇంకొకరు చేసిపెట్టే పనులన్నీ ఇక్కడ మన చేతి మీదే జరగాలి. అవేమిటో ఇల్లు కదలకముందే తెలిసి ఉండాలి, అక్కడికెళ్ళాక తెలిస్తే కొనుక్కోవడానికి కొట్టు ఉండదు. నేను రాస్తున్నది ముఖ్యంగా మెరిట్, కామ్లూప్స్, ప్రిన్స్‌టన్ చుట్టుపక్కల పీఠభూమి మీదున్న చిన్న చిన్న ట్రౌట్ సరస్సుల గురించి. వాంకూవర్ నుంచి మెరిట్ సుమారు 270 కిలోమీటర్లు, కోకిహల్లా హైవే మీద మూడు గంటలు. అసలు ప్రయాణం ఆ తర్వాత మొదలవుతుంది.

చాలా ట్రిప్పులు టెంట్ దగ్గర చెడవు, రోడ్డు మీదే చెడతాయి. ఈ ఫారెస్ట్ సర్వీస్ రోడ్లు వేసింది దుంగలు మోసే లారీల కోసం. నిండు లోడుతో వచ్చే లారీ మన కారును చూసి ఆగాలనుకున్నా వెంటనే ఆగలేదు. అందుకే పట్టపగలైనా హెడ్‌లైట్లు వేసుకోవాలి, మలుపుల్లో రోడ్డు నడిమధ్యకు రాకూడదు, కుడి అంచునే పోవాలి, ఎదురొచ్చే బండికి దారివ్వడానికి పక్కకు తప్పుకునే చోట్లు (పుల్‌అవుట్లు) ఎక్కడెక్కడ ఉన్నాయో గమనిస్తూ నడపాలి. బోర్డు లేనిచోట చట్టం ప్రకారం గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లే అయినా, మామూలు ఎస్‌యూవీకి 40 చాలు. లారీ దాటిపోయాక లేచిన దుమ్ము పూర్తిగా తగ్గేదాకా కదలకండి, దాని వెనకాలే ఇంకోటి వస్తుంటుంది.

రోడ్డు మొదట్లో ఒక బోర్డు మీద రేడియో ఛానెల్ రాసి ఉంటుంది, దారి పొడవునా కిలోమీటరు పలకలుంటాయి. డ్రైవర్లు తాము ఏ కిలోమీటరు దగ్గర ఉన్నారో రేడియోలో చెప్పుకుంటూ వస్తారు. అంకెలు పెరిగే వైపు పోతుంటే ‘అప్’, తగ్గే వైపు వస్తుంటే ‘డౌన్’. మన దగ్గర ఆ రేడియో లేకపోతే మనం ఎక్కడున్నామో వాళ్ళకు తెలిసే దారి లేదు. దుంగల పని ఎక్కువగా వారం మధ్యలో పగలు జరుగుతుంది కాబట్టి, రేడియో లేనివాళ్ళు శనివారం ఉదయం వెళ్ళడం మేలు. శనివారమైనా రోడ్డు ఖాళీ అని నమ్మి నడపకండి.

టైర్ల సంగతి విడిగా చెప్పాలి. డోరు పక్క స్టిక్కరు మీద 33, 35 పి.ఎస్.ఐ. అని ఉంటుంది. ఆ గట్టి గాలితో పదునైన కంకర మీద పోతే రాయి టైరును గుచ్చుతుంది, పైగా అలలు దేలిన రోడ్డు మీద కారు ఎగురుతూ పట్టు తప్పుతుంది. కంకర రోడ్డు మొదలయ్యేచోట ఆగి 26, 28కి దించితే టైరు రాయి మీద కాస్త అణిగి సాగిపోతుంది. ఇంకా దించితే పక్కగోడ వేడెక్కి చిరిగే ప్రమాదం ఉంది. అంటే ప్రెషర్ గేజి, కారు సాకెట్‌కు తగిలించే 12 వోల్టుల కంప్రెసర్, పంక్చర్ ప్లగ్ కిట్ ఉండి తీరాలి. ప్లగ్గు పనిచేసేది టైరు నేలకు తగిలే భాగంలోనే. పక్కగోడ చిరిగితే స్టెప్నీయే గతి. డిక్కీలో ఉన్నది సన్నటి డోనట్ స్పేరైతే దానికి మామూలుగా 60 పి.ఎస్.ఐ. కావాలి. ఏళ్ళ తరబడి చూడక అందులో గాలే ఉండదు, బయల్దేరే ముందు చూసుకోండి. అద్దెకారు అయితే ఒప్పందం చదవండి. కంకర రోడ్డు మీదికి తీసుకెళ్తే బీమా వర్తించదని చాలావాటిలో రాసి ఉంటుంది.

ఫోన్ మ్యాపును మాత్రం ఒంటరిగా నమ్మకండి. మూసేసిన పాత రోడ్లను కూడా అది రోడ్లుగానే చూపిస్తుంది. అలాంటి రోడ్డుకు అడ్డంగా వాననీరు పోవడానికి లోతుగా కాలవలు తవ్వి ఉంటాయి, ఎత్తు తక్కువ కారు వాటిలో కూరుకుపోతుంది. ప్రభుత్వ వెబ్‌సైటులో ప్రతి సైటుకూ దారి వివరాలు, రోడ్డు ఏ రకం బండికి సరిపోతుందో, మూసివేతలు ఏమున్నాయో ఉంటాయి. బ్యాక్‌రోడ్ మ్యాప్‌బుక్ కూడా ఒకటి కొనిపెట్టుకోండి. ఆఫ్‌లైన్ మ్యాపు దింపుకుని, ఫారెస్ట్ రోడ్డు మొదలయ్యేచోట ట్రిప్ మీటర్ సున్నాకు తెచ్చి, కిలోమీటరు పలకలతో పోల్చుకుంటూ పోవాలి. పెట్రోలు మెరిట్‌లోనే నింపేయండి. అనుకున్న సైటు నిండిపోతే వెళ్ళడానికి అదే చుట్టుపక్కల ఇంకో రెండు పేర్లు ముందే రాసుకోండి. చీకటిపడ్డాక కంకర రోడ్డు మీద ఖాళీ చోటు వెతుక్కోవడం చాలా ప్రమాదం.

చోటు దొరికాక టెంట్ వేసే ముందు ఒకసారి తల పైకెత్తి చూడాలి. 2000 తర్వాతి ఏళ్ళలో మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు ఈ ప్రాంతంలో విపరీతంగా పైన్ చెట్లను చంపింది. బూడిదరంగు మోళ్ళు ఇంకా నిలబడే ఉన్నాయి, గాలి గట్టిగా వీస్తే వేళ్ళతో సహా పడతాయి. చచ్చిన చెట్టు ఎంత ఎత్తుందో కనీసం అంత దూరంలో టెంట్ ఉండాలి. నీటి అంచున వేస్తే ఫొటో బాగుంటుంది, రాత్రి బాగుండదు. చల్లగాలి పల్లానికి దిగి ఒడ్డునే పేరుకుంటుంది, తెల్లారేసరికి టెంట్ లోపలి గోడలు తడిసి కారుతుంటాయి. పది అడుగులు ఎత్తులో ఉన్నా తేడా తెలుస్తుంది.

ఈ సరస్సులు చాలావరకు వెయ్యి మీటర్ల పైన ఉంటాయి. జూలైలోనూ రాత్రి 5 డిగ్రీలకు పడొచ్చు. ఇంటికి చుట్టాలొస్తే వేసే పెద్ద గాలి పరుపు ఇక్కడ మోసం చేస్తుంది. దాని లోపలి గాలి మన ఒంటి వేడిని కిందికి లాగేస్తూనే ఉంటుంది, పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వీపు చల్లగానే ఉంటుంది. పరుపు మీద, మన వీపు కింద, ఒక ఫోమ్ షీటో మందపాటి బొంతో పరచాలి. విడిగా ప్యాడ్ కొంటే దాని ఆర్-వాల్యూ, అంటే చలిని ఆపే శక్తి కొలత, 3కి తగ్గకుండా చూడండి. చలని స్టవ్వు గానీ బొగ్గుల కుంపటి గానీ టెంట్‌లో పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

వంట దగ్గర మనవాళ్ళ లెక్కలు వేరు కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 1,200 మీటర్ల ఎత్తులో నీళ్ళు సుమారు 96 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు మూత లేని గిన్నెలో మెత్తబడడానికి చాలాసేపు పడుతుంది, ఈలోగా గ్యాస్ అయిపోతుంది. మూడు లీటర్ల కుక్కర్ తీసుకెళ్ళండి. అంతకన్నా మంచి పద్ధతి: పప్పు, కూర ఇంట్లో వండి, డబ్బాల్లో గడ్డకట్టించి కూలర్‌లో అడుగున పెట్టడం. మొదటిరోజంతా అవే ఐసుగడ్డల పని చేస్తాయి, రెండోరోజు వేడి చేస్తే చాలు. పులిహోర పులుసు సీసాలో పెట్టుకుంటే అన్నం ఒక్కటే వండుకోవాలి.

రెండు బర్నర్ల స్టవ్వుకు తగిలించే 454 గ్రాముల పచ్చ ప్రొపేన్ సీసా, రెండు బర్నర్లూ నిండుగా మండిస్తే సుమారు గంట వస్తుంది. ఒక్కటే అయితే రెండు గంటలు. నలుగురికి రెండు రాత్రులకు రెండు సీసాలు, పైన ఒకటి అదనం. ఇండియన్, కొరియన్ స్టోర్లలో దొరికే ఒంటి బర్నర్ బ్యూటేన్ స్టవ్వు మధ్యాహ్నం బాగానే పనిచేస్తుంది, కానీ బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర ఆవిరవడం మానేస్తుంది. చల్లటి తెల్లవారుజామున టీ పెట్టబోతే మంట మిణుకుమిణుకుమనేది అందుకే. గాలికి మంట ఆగడం లేదని స్టవ్వు చుట్టూ రేకులు పూర్తిగా మూసేయకండి, గ్యాస్ డబ్బా వేడెక్కి పేలొచ్చు. గాలి వచ్చే ఒక్కవైపే అడ్డు పెట్టండి.

నీళ్ళకు నా లెక్క మనిషికి రోజుకు ఏడు లీటర్లు: తాగడానికి మూడు, వంటకు రెండు, కడుగుడుకు రెండు. నలుగురు రెండు రాత్రులుంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. సరస్సు నీళ్ళు ఎంత తేటగా కనిపించినా జియార్డియా అనే విరేచనాలు తెచ్చే పరాన్నజీవి ఉండొచ్చు, ఒక నిమిషం తెర్లేలా మరిగిస్తే చాలు. వేసవి చివర్లో నీటి మీద పచ్చరంగు పెయింటు ఒలికినట్టు నాచు తేలితే మాత్రం ఆ నీళ్ళు మరిగించినా, ఫిల్టర్ చేసినా పనికిరావు. విషం నీటిలో కరిగి ఉంటుంది. పిల్లల్నీ కుక్కల్నీ అందులో దిగనివ్వకండి.

గిన్నెలు సరస్సులో కడగొద్దు. ‘బయోడిగ్రేడబుల్’ అని రాసున్న సబ్బైనా సరే, అది విరిగేది మట్టిలో ఉండే సూక్ష్మజీవుల వల్ల, నీటిలో కాదు. ముందు కంచాల్లోని నూనె, పచ్చడి మరకలు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్త సంచిలో వెయ్యండి. బక్కెట్‌లో కడిగి, ఆ నీళ్ళను జల్లెడ పట్టి, మెతుకులు కూడా సంచిలోకే పంపండి. మిగిలిన నీళ్ళు సరస్సుకు 60 మీటర్ల అవతల, అంటే సుమారు 80 అంగలు వేసి, గుంటలో పొయ్యాలి. బియ్యం కడిగిన నీళ్ళకూ ఇదే పద్ధతి.

ఈ జాగ్రత్తంతా ఎలుగుబంటి కోసం. ఈ ప్రాంతంలో నల్ల ఎలుగులు మామూలే, కొన్నిచోట్ల గ్రిజ్లీలు కూడా ఉన్నాయి. ఇంగువ తాళింపు వాసన గాలివాటున చాలా దూరం పోతుంది, బట్టల్లోనూ ఉండిపోతుంది. వంట చేసినవారు ఆ బట్టలు మార్చి, వాటిని కారులో పెట్టి పడుకోవాలి. కూలర్, చెత్త సంచి, స్టవ్వు, టూత్‌పేస్టు, కొబ్బరినూనె సీసా, పిల్లల పాలసీసాలు అన్నీ రాత్రి కారులోకే. అద్దాలు పూర్తిగా ఎత్తి తాళం వెయ్యాలి. తాళం వెయ్యని కారు తలుపు ఎలుగుబంటి తీయగలదు. ఆహారం బయట వదిలి ఎలుగుల్ని రప్పించడం బి.సి. వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగును చివరికి కాల్చి చంపాల్సొస్తుంది. మనం వదిలిన ఒక్క కూలర్ చాలు దాని ప్రాణం తీయడానికి. బేర్ స్ప్రే (మీదికొచ్చే ఎలుగు మొహం మీద కొట్టే మిరప ఘాటు స్ప్రే) టెంట్‌లో చేతికందేలా ఉంచుకోండి, దాన్ని ఒంటికి దోమల మందులా పూసుకోకూడదు.

నెగడు వేసే ముందు ఆ రోజు నిషేధం ఉందో లేదో బి.సి. వైల్డ్‌ఫైర్ సర్వీస్ వెబ్‌సైటులో సిగ్నల్ ఉన్నచోటే చూసుకోవాలి. 2021 జూన్ 29న లిట్టన్ ఊళ్ళో 49.6 డిగ్రీల ఎండ కాసింది, మర్నాడే ఆ ఊరు తగలబడిపోయింది. అది మెరిట్‌కు దూరమేమీ కాదు. నిషేధం లేనప్పుడు కూడా మంట అరమీటరు ఎత్తు, అరమీటరు వెడల్పు దాటకూడదు, పక్కన పారో కనీసం ఎనిమిది లీటర్ల నీళ్ళో ఉండాలి. నిషేధమున్నా గ్యాస్ స్టవ్వు మీద వంట చేసుకోవచ్చు, మంట 15 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, వెనుచేత్తో తాకి చూడండి. బూడిద చల్లగా ఉంటేనే ఆరినట్టు. ఎక్కడైనా కార్చిచ్చు కనిపిస్తే, సిగ్నల్ దొరికిన వెంటనే సెల్ నుంచి *5555.

సరస్సు నీళ్ళు మే, జూన్‌లో మంచు కరిగిన నీళ్ళే. చల్లనీటి ప్రమాదాల మీద పరిశోధన చేసిన మానిటోబా విశ్వవిద్యాలయపు గోర్డన్ గీస్‌బ్రెక్ట్ చెప్పే 1-10-1 లెక్క గుర్తుంచుకోండి: గడ్డకట్టే నీటిలో పడితే మొదటి ఒక నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోవడానికి, తర్వాత పది నిమిషాలే కాళ్ళూచేతులూ పనిచేస్తాయి, స్పృహ తప్పడానికి సుమారు గంట. ఈతొచ్చినవాళ్ళు మునిగిపోయేది ఆ మొదటి నిమిషంలోనూ, పది నిమిషాలయ్యాకానూ. గాలి నింపిన బాతుబొమ్మ పడవల మీద పిల్లల్ని లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కించొద్దు. మధ్యాహ్నం గాలి లేస్తే అవి నిమిషాల్లో సరస్సు మధ్యకు కొట్టుకుపోతాయి.

జూన్‌లో దోమలు దట్టంగా ఉంటాయి. ఆరునెలలు దాటిన పిల్లలకు 20 శాతం ఐకారిడిన్ ఉన్న స్ప్రే సరిపోతుంది.

ఇంకొకటి, మనవాళ్ళకు ప్రత్యేకంగా. చాలా సైట్లలో ఉండేది నాలుగైదు టెంట్ల చోటే. ఎనిమిది కుటుంబాలు కలిసి వెళ్తే సైటంతా మనమే నిండిపోతాం, చెట్ల మధ్య కొత్తగా నేల తొక్కి చదును చేస్తాం. రెండు మూడు కుటుంబాలకు మించకుండా పక్కపక్క సరస్సులకు విడిపోండి. రాత్రి స్పీకరు ఆపేయండి. నీటి మీద శబ్దం అవతలి ఒడ్డు దాకా స్పష్టంగా వినిపిస్తుంది.

మరుగుదొడ్డిలో డైపర్లు, వెట్ వైపులు, సీసాలు వెయ్యకండి. ఆ గుంటను లారీ గొట్టంతో పీలుస్తారు, ప్లాస్టిక్ అడ్డుపడితే శుభ్రం చెయ్యడం ఆగిపోయి ఆ దొడ్డి మూతపడుతుంది. టాయిలెట్ పేపరు, శానిటైజర్ మనమే తీసుకెళ్ళాలి.

బయల్దేరే ముందు అడ్వెంచర్ స్మార్ట్ అనే భద్రతా కార్యక్రమం వారి ట్రిప్ ప్లాన్ పద్ధతిలో ఒక కాగితం రాసి ఊళ్ళో ఒకరికి ఇవ్వండి: ఏ సైటు, ఏ రోడ్డు, కారు నంబరు, ఎంతమంది, ఎప్పటికి తిరిగొస్తారు, రాకపోతే ఎన్ని గంటలకు పోలీసులకు చెప్పాలి. బి.సి.లో సెర్చ్ అండ్ రెస్క్యూ వాళ్ళు డబ్బు తీసుకోరు, కాబట్టి ఖర్చుకు భయపడి ఆలస్యం చెయ్యనక్కర్లేదు. ఐఫోన్ 14 నుంచి ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపొచ్చు, కానీ దట్టమైన చెట్ల కింద అందదు. ఆకాశం తెరిచి ఉన్న ఒడ్డుకు రావాలి.

తిరుగు ప్రయాణంలో తారురోడ్డు ఎక్కేచోట ఆగి టైర్లలో మళ్ళీ 35 దాకా గాలి నింపండి, తక్కువ గాలితో కోకిహల్లా మీద వంద వేగంతో పోతే టైరు వేడెక్కి పగులుతుంది. సిగ్నల్ రాగానే ఆ కాగితం ఇచ్చినవారికి ‘బయటికొచ్చాం’ అని మెసేజ్ పెట్టండి. మరిచిపోతే చెప్పిన వేళకు వాళ్ళు పోలీసులకు ఫోన్ చేస్తారు.