బట్టల దొంగలు

ఆస్ట్రేలియాలోని టాస్మానియా దీవిలో ఉన్న హోబార్ట్‌లో రెండో రోజు మా ఆయన కాస్కేడ్ బీరు ఫ్యాక్టరీ చూస్తానన్నారు. 1824 నాటిదట. "దాని కంటే ముందే ఇంకో ఫ్యాక్టరీ వస్తుందమ్మా, మనం అక్కడ ఆగుదాం" అంది అమ్మాయి. ఆయన దారిన ఆయన్ని పోనిచ్చాం.

ఫీమేల్ ఫ్యాక్టరీ అంటే ఆడవాళ్ళు పనిచేసే మిల్లేమో అనుకున్నాను. కాదు, జైలు. బ్రిటన్, ఐర్లండ్‌ల నుంచి ద్వీపాంతరం పంపిన ఆడఖైదీలను పెట్టిన చోటు. పాత సారా బట్టీని కొని 1828లో జైలు చేశారు. 1856 దాకా నడిచింది.

వాగు గట్టు వెంబడే నడిచి వెళ్ళాం. జూన్, అక్కడ చలికాలం. వెల్లింగ్టన్ కొండ నీడ ఆ పల్లంలో పరుచుకుని ఉంది. ఎత్తయిన రాతిగోడ మీద చెయ్యి వేస్తే తడి తగిలింది. లోపల చూడ్డానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ఖాళీ ఆవరణలు, కొట్ల పునాదులు, ఖైదీలను చూసుకునే మేట్రన్ ఉన్న చిన్న ఇల్లు. చెప్పేవాళ్ళు లేకపోతే పది నిమిషాల్లో బయటికి వచ్చేసేవాళ్ళం.

ఆస్ట్రేలియాకు అలా వచ్చిన ఆడవాళ్ళు దాదాపు పాతికవేల మంది, అందులో సగం ఈ దీవికే. ఎక్కువ మందివి దొంగతనం కేసులే. ఏం దొంగిలించారు? చాలామంది బట్టలే! మేరీ వేడ్ సంగతి విన్నాక నాకు నోట మాట రాలేదు. లండన్‌లో తనకంటే చిన్నపిల్ల ఒంటి మీది గౌను, టోపీ లాక్కున్నందుకు 1789లో ఉరిశిక్ష వేశారు. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. ఇంగ్లండు రాజు మూడో జార్జికి పిచ్చి నయమైన సంతోషంలో శిక్ష తగ్గించి సిడ్నీ ఓడ ఎక్కించారు. ఆస్ట్రేలియా ప్రధానిగా చేసిన కెవిన్ రడ్ ఆమె వంశంవాడే.

తక్కువలో తక్కువ ఏడేళ్ళ శిక్ష. అది తీరినా తిరుగు ప్రయాణానికి డబ్బు ఎవరూ ఇవ్వరు. ఇక్కడ దొరల ఇళ్ళలో పనికి పంపేవారు. అక్కడ తప్పు చేసినా, కడుపుతో ఉన్నా మళ్ళీ ఈ గోడల మధ్యకే. శిక్షలో ఉన్నవాళ్ళ రవిక వీపు మీద, చేతి మీద, లంగా మీద పసుపు పచ్చని సి అక్షరం. పని ఏమిటయ్యా అంటే బట్టలుతకడం. బట్ట దొంగిలించినవాళ్ళ చేత ఊరి బట్టలు ఉతికించారు. ఆ చెమ్మలో, ఇరుకులో పుట్టిన పసిపిల్లలు వందల్లో పోయారు. పిల్లల గది ఉన్న చోట అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది, ఏమీ మాట్లాడలేదు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాక ఫోన్‌లో ఒక బొంత బొమ్మ చూపించింది. 1841లో రాజా అనే ఓడలో (నిజంగానే ఆ పేరు) ఖైదీలు మూడున్నర నెలల ప్రయాణంలో కుట్టిన బొంత. సూదులు, దారాలు, గుడ్డముక్కలు లండన్‌లో ఆడఖైదీల బాగు కోసం పనిచేసిన ఎలిజబెత్ ఫ్రై బృందం దొరసానులు ఇచ్చారు. మొత్తం 2,815 ముక్కలు. నడిమధ్యన పూలూ పిట్టలూ ఉన్న అద్దకం గుడ్డ. నేను బందరుదాన్ని, అద్దకం కనబడితే కళ్ళు ఆగవు. ఒకప్పుడు మా రేవు నుంచే అలాంటి బట్టలు ఇంగ్లండు వెళ్ళేవి. తర్వాత వాళ్ళే మరల మీద అచ్చు వేసుకున్నారు.

బొమ్మను పెద్దది చేసి చూశాను. మా అమ్మమ్మ పాత చీరల బొంతలో ఒక మూల కుట్టు దగ్గరగా, ఇంకో మూల ఎడంగా ఉండేది. ఇందులోనూ అంతే. కొందరు చేయి తిరిగినవాళ్ళు, కొందరు అప్పుడే సూది పట్టినవాళ్ళు. అడుగున దారంతో కుట్టిన అక్షరాల్లో దొరసానులకు కృతజ్ఞతలున్నాయి. కుట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

అది ఎక్కడెక్కడో తిరిగి స్కాట్లండ్‌లో ఒక అటక మీద దొరికిందట. 1989 నుంచీ కాన్‌బెర్రా నేషనల్ గ్యాలరీలో ఉంది. బాగా నలిగిన గుడ్డ కావడంతో ఎప్పుడో తప్ప బయట పెట్టరు.

"కాన్‌బెర్రాకి టికెట్టెంతో చూడవే" అన్నాను.

"ముందు ఎప్పుడు చూపిస్తారో కనుక్కోనీ అమ్మా" అంది.