ఆ 42 యూనిట్లు

పన్నెండు దాటింది. చిన్నదానికి జ్వరం తగ్గి సాయంత్రం రెండు ఇడ్లీలు తింది. ఆ సంతోషంతో హాయిగా పడుకోవాల్సింది, నిద్ర పట్టడం లేదు. పొద్దున మా వెనక పోర్షన్‌లో అద్దెకుంటున్న అమ్మాయి కరెంటు డబ్బులు ఇచ్చి వెళ్ళింది. అదే బుర్రలో తిరుగుతోంది.

రెండు రెండొందల నోట్లు, కొంగుకి ముడేసి తెచ్చింది. గిన్నెలు తోముతూ మధ్యలో లేచి వచ్చినట్టుంది, ముడి తడిసి ఊడిరాలేదు. పంటితో విప్పింది. "ఈసారి ఎక్కువే తిరిగింది అప్పా, పిల్లడికి ఒళ్ళంతా చెమటకాయలు, రాత్రిళ్ళు ఫ్యానాపలేదు" అంది. ఫ్యాను వేసుకున్నందుకు నాకు సంజాయిషీ! మే నెలలో, శ్రీకాకుళంలో, ఈ ఉక్కలో. నేను ఆ మాట వింటున్నప్పుడు మా గదిలో ఏసీ ఇంకా నడుస్తూనే ఉంది.

వాళ్ళ వాడకం చూడడానికి మా మీటరు కిందే ఒక సబ్ మీటరు ఉంది, ఆ లెక్కంతా మా ఆయన నోటుబుక్కులో రాస్తారు. పాత రీడింగు, కొత్త రీడింగు, తేడా 42 యూనిట్లు, ఇంటూ 9 రూపాయలు, మొత్తం 378. కింద ఎర్ర పెన్నుతో గీత. అందులో తప్పు పట్టడానికేం లేదన్నట్టు ఉంటుంది ఆ గీత.

నేను మన బిల్లు తీసి శ్లాబులు చూశాను. 2022 నుంచి ఇవే రేట్లు. మొదటి 30 యూనిట్లు 1.90 చొప్పున, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, ఆ పైన 400 దాకా 8.75. ఆ అమ్మాయికి సొంత మీటరు ఉంటే 42 యూనిట్లకి ఎంత? 30కి 57 రూపాయలు, మిగతా 12కి 36. మొత్తం 93. పైన చిల్లర ఛార్జీలు ఏవో వేస్తారు, వేయనీ. 93 ఎక్కడ, 378 ఎక్కడ! గదిలో ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఒక చిన్న టీవీ ఉన్నవాళ్ళు ఏసీ వాళ్ళ కంటే ఎక్కువ రేటు కడుతున్నారు.

మధ్యాహ్నం ఈయన భోజనానికి రాగానే అడిగేశాను. అన్నం ముందు పెట్టి అడగకూడదు, తెలుసు. ఆగలేకపోయాను. ఎడం చేత్తో పెన్ను తీసుకుని నా కాగితం మీదే లెక్క వేశారు. ఈ నెల మొత్తం 330 యూనిట్లు, శ్లాబుల ప్రకారం 1,935.75. ఆ 42 తీసేస్తే 288, దానికి 1,568.25. తేడా 367.50. "వాళ్ళ వల్ల మనకి పెరిగేది ఇది. బిల్లులో పైన వేసే సర్దుబాటు ఛార్జీలు, నీళ్ళ మోటారు తిప్పే కరెంటు నేనడగడం లేదు. నేను మిగుల్చుకుంటున్నది చెప్పు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈయన లాభం చూసుకునే మనిషి కాదు, అది నాకంటే బాగా ఎవరికీ తెలీదు. చల్లారిన పప్పు మళ్ళీ వేడిచేసి వడ్డించాను, మాట అన్నందుకు బాధపడ్డాను కూడా.

అంట్లు తోముతుంటే మాత్రం తిత్లీ తుఫాను గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. దసరాకని పిల్లల్ని తీసుకుని మందస వైపు మా కన్నవారింట్లో ఉన్నాను. తెల్లారేసరికి కొబ్బరి చెట్లు మొదలంటా కూలి ఉన్నాయి, జీడి తోట నేలకి అతుక్కుపోయింది. కరెంటు స్తంభాలు వరసగా ఒకే వైపు వంగాయి. ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో లెక్క పెట్టడం మానేశాం. అమ్మ అటక మీద నుంచి కిరసనాయిలు బుడ్డి దించింది. డిపోలో ఎప్పుడో ఇచ్చిన కిరసనాయిలు, సీసా అడుగున నాలుగు వేళ్ళ మందం ఉంది. మూడో రోజో నాలుగో రోజో ఊళ్ళోకి ఎవరో జనరేటరు తెచ్చారు. సెల్లుకి 20 రూపాయలు. రామకోవెల అరుగు మీద పెద్ద చేట పెట్టి అందులో వేశారు ఫోన్లన్నీ, ఒక్కోదాని వెనక గాయాలకి వేసే ప్లాస్టరు ముక్క అంటించి దాని మీద పేరు. దుబాయ్‌లో కొడుకున్న ముసలమ్మ ఒకామె ఆ చేట పక్కనే రెండు పూటలు కూర్చుంది, తన ఫోను ఎవరైనా తీసేస్తారేమోనని. ఆమె దగ్గర ఉన్నది ఒక్క 20 నోటే. ఫోన్ నిండడానికి యూనిట్లో యాభయ్యో వంతు పడుతుందనుకుందాం, అయినా యూనిట్ వెయ్యి రూపాయలు! జనరేటరు వాడిని కూడా ఏమనగలం? డీజిలు ఎక్కడి నుంచో మోసుకొచ్చాడు, అతని లెక్క అతనికి సరిగ్గానే ఉంటుంది.

అక్కడే మళ్ళీ మనసు మారింది. ఈయన లెక్క సరైనదే. కానీ 330 యూనిట్లూ ఒకే మీటర్లో తిరిగాయి. మొదటి 288 మావి, చివరి 42 వాళ్ళవి అని ముందే అనుకుంటేనే 367.50 వస్తుంది. వాళ్ళవి మొదటి 42 అనుకుంటే 93. చవక యూనిట్లన్నీ మేం వాడేసుకుని, ఖరీదైనవి వాళ్ళ మీద వేస్తున్నాం. పోనీ అందరికీ సమానంగా పంచినా యూనిట్‌కి 5.87, అంటే 246 రూపాయలు. అసలు వేరే గుమ్మం, వేరే వంటిల్లు ఉన్న పోర్షన్‌కి వేరే మీటరు పెట్టించమని మూడేళ్ళుగా అంటున్నాను. డిపాజిట్టు, వైరింగు అని వాయిదా వేస్తూనే ఉన్నారు.

ఇంకో సంగతి కూడా రాసేస్తాను. పెరట్లో ఆ అమ్మాయి కట్టెల పొయ్యి పొగకి గోడ నల్లబడుతోందని పోయిన నెల ఇక్కడే విసుక్కున్నాను కదా. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్న దీపం-2 పథకం మన జిల్లాలోనే, ఈదుపురంలో, 2024 నవంబర్ 1న మొదలైంది. ముందు డబ్బు కట్టి తీసుకుంటే తరవాత బ్యాంకులో పడుతుంది. ఆ అమ్మాయి గ్యాసు కనెక్షను ఊళ్ళో అత్తగారి పేరు మీద ఉంది. సిలిండరూ అక్కడే, బ్యాంకులో పడేదీ ఆవిడకే. ఇక్కడ ఈమెకి సరుగుడు పుల్లలు, తాటి మట్టలు. ఇవాళ సాయంత్రం చూశాను, గొట్టంతో ఊది ఊది కళ్ళు ఎర్రగా అయిపోయాయి, పిల్లాడు వీపు గోక్కుంటూ పక్కన నిలబడ్డాడు.

రాత్రి పడుకోబోయే ముందు ఈయనకి 5.87 లెక్క చూపించాను. చాలాసేపు చూశారు. "మరి మిగతాది?" అన్నారు. "మన ఏసీది" అన్నాను. ఏమీ అనలేదు, అటు తిరిగి పడుకున్నారు. ఒప్పుకున్నట్టో కాదో పొద్దున తెలుస్తుంది.

ఆ అమ్మాయికి ఇవ్వాల్సిన చిల్లర 22 ఫ్రిజ్ మీద ఉంది. పక్కన ఇంకో 132 పెట్టాను. నోటుబుక్కులో 378 కొట్టేసి 246 రాశాను, ఎర్ర పెన్నుతోనే.