‘రయట్ యాక్ట్ చదవడం’ అనే మాట వెనుక

హద్దు మీరినవారిని గట్టిగా మందలించి, ఇకమీదట ఊరుకునేది లేదని చెప్పడాన్ని ఇంగ్లీషులో ‘రీడ్ ది రయట్ యాక్ట్’ అంటారు. అల్లరి పిల్లలకు తల్లిదండ్రులు పెట్టే చీవాట్లకు కూడా ఈ నుడికారం వాడుతున్నారు గాని, ఒకప్పుడు బ్రిటన్‌లో మేజిస్ట్రేటు జనం ఎదుట నిలబడి రయట్ యాక్ట్‌ను, అంటే అల్లర్ల చట్టంలోని ప్రకటనను, నిజంగానే చదివేవాడు.

1714లో మొదటి జార్జి సింహాసనం ఎక్కడం గిట్టనివారు పలుచోట్ల అల్లర్లకు దిగడంతో పార్లమెంటు చేసిన ఈ చట్టం 1715 ఆగస్టు 1న అమలులోకి వచ్చింది. 12 మందో, అంతకు మించో గుమికూడి అలజడి రేపితే, వెంటనే చెదిరిపోయి ఇళ్లకు వెళ్లమని రాజు పేరిట ఆజ్ఞాపించే చిన్న ప్రకటనను అధికారి బిగ్గరగా చదవాలి. గంట గడిచాక కూడా అంతమంది అక్కడే ఉంటే అది మరణశిక్షకు తగిన నేరం. వారిని చెదరగొట్టడంలో ఎవరి ప్రాణమైనా పోతే అధికారులపై నేరం ఉండదు. ప్రకటన చివర ‘దేవుడు రాజును కాపాడుగాక’ అన్న మాటలు వదిలేసి చదివినందువల్ల అది చెల్లదని 1830లో ఒక కోర్టు తేల్చింది. ప్రాణాలు తీయగల చట్టాన్ని అంత పట్టింపుతో అమలు చేయాలనడం న్యాయమేనని నా అభిప్రాయం.

ఆ పట్టింపు అన్నివేళలా జనాన్ని కాపాడలేదు. 1819 ఆగస్టు 16న పార్లమెంటు సంస్కరణలు కోరుతూ, హెన్రీ హంట్ ప్రసంగం వినడానికి మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ ఫీల్డ్‌కు వేలాదిమంది శాంతియుతంగా, పిల్లాపాపలతో సహా వచ్చారు. ప్రకటన చదివామని మేజిస్ట్రేట్లు ఆ తరువాత చెప్పుకున్నారు గాని, మైదానంలో చాలామందికి అది వినబడనే లేదు. గంట గడువైనా ఇవ్వకుండా అశ్వికదళం కత్తులు దూసి జనంలోకి చొచ్చుకుపోయింది. పదిమందికి పైగా చనిపోయారు, వందలమంది గాయపడ్డారు. చరిత్రలో దీన్ని పీటర్లూ మారణకాండ అంటారు.

ముందు చెదిరిపొమ్మని ఆజ్ఞాపించి, వినకపోతేనే బలం ప్రయోగించాలన్న పద్ధతి మన చట్టాల్లోనూ ఉంది. లాఠీఛార్జికి ముందు పోలీసులు మైకులో చేసే హెచ్చరిక అటువంటిదే. అయితే 1860 నాటి శిక్షాస్మృతి నుంచి నేటి భారతీయ న్యాయ సంహిత వరకు, చట్టవిరుద్ధ ఉద్దేశంతో కూడినవారు అయిదుగురున్నా చాలు. గంట గడువు మాత్రం ఇక్కడ లేదు.